నొప్పి తగ్గిందా అని కాదు, బడికి వెళ్ళావా అని అడుగుదాం



మా ఓ.పి.లో తరచుగా కనిపించే ఒక దృశ్యంతో ఈ నెల మాట మొదలుపెడతాము. పద్నాలుగేళ్ళ అమ్మాయి, తొమ్మిదో తరగతి. పక్కన తల్లి. తల్లి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో రక్తపరీక్షల కాగితాలు, ఎక్స్‌రేలు, రెండు ఊళ్ళలో తీయించిన స్కానింగ్ రిపోర్టులు. కడుపునొప్పి మొదలై ఎనిమిది నెలలు. రిపోర్టులన్నిటిలోనూ ఒకటే మాట, నార్మల్. అమ్మాయి బడి మానేసి మూడు నెలలు దాటింది.

"ఎవరి దగ్గరికి తీసుకెళ్ళినా ఏమీ లేదంటున్నారండి. మరి పిల్లేమో రాత్రిళ్ళు మెలికలు తిరిగిపోతోంది" అన్నది తల్లి. నాయనమ్మ గాలి సోకిందంటుంది. పక్కింటివారు బడి ఎగ్గొట్టడానికి నాటకమంటారు. విశ్వాసం చాలకే స్వస్థత రావడం లేదని ప్రార్థనకు వచ్చినవారిలో ఒకరు అన్నారట. ఇవన్నీ పిల్ల ముందే చెబుతున్నారు. పిల్ల తల వంచుకుని చున్నీ అంచు మెలిపెడుతూ కూర్చుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

దాచకుండా చెప్పాలంటే, మేము కూడా మొదట అడగలేదు. గ్యాసు బిళ్ళ, నొప్పి బిళ్ళ రాసి, "ఏమీ లేదమ్మా, భయపడకండి" అని పంపించాము. ధైర్యం చెప్పామనుకున్నాము. ఆ పిల్ల చెవికి అది "నువ్వు అబద్ధం చెబుతున్నావు" అని వినబడిందని రెండోసారి వచ్చినప్పుడు మాకు తెలిసింది. ఈ వ్యాసం రాయడానికి ఆ తప్పే కారణం.

ఇలాంటి పిల్లలకు పనికివచ్చే చికిత్స ఒకటి ఉంది. అది బిళ్ళ కాదు, ఇంజెక్షన్ కాదు. ఇప్పుడు దాన్ని ఫోను ద్వారా, కంప్యూటరు ద్వారా ఇంటికే చేర్చవచ్చునని గత పదిహేనేళ్ళకు పైగా కొన్ని దేశాలలో పరీక్షించి చూస్తున్నారు. మనవంటి మిషను ఆసుపత్రులు దీన్ని తలకెత్తుకోవాలని మా అభిప్రాయం. అయితే ఒక షరతు. ఫోను ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే అది పని చేయదు.

దొంగ పోయినా మొరిగే కుక్క

నొప్పి దేవుడు ఇచ్చిన వరమని చెప్పినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ పేరు మన మిషను ఆసుపత్రులలో అందరికీ తెలుసు. 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు పుట్టి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి, కుష్ఠు రోగులకు శస్త్రచికిత్సలు చేసినవాడాయన. కుష్ఠు రోగుల వేళ్ళు, పాదాలు పాడవుతున్నది ముఖ్యంగా స్పర్శ, నొప్పి తెలియకపోవడం వలననే అని ఆయన చూపించారు. నొప్పి తెలియనివాడు కాలిన చేతిని వెనక్కు తీసుకోడు, ముల్లు గుచ్చుకున్న కాలితోనే నడుస్తాడు. కాబట్టి నొప్పి మనకు కావలి కుక్క వంటిది. దొంగ వచ్చినప్పుడు మొరిగే కుక్క మంచి కుక్కే.

కాని ఒకసారి ఇంట్లో దొంగ పడ్డాక, ఆ కుక్క ఆకు కదిలినా, పిల్లి దూకినా రాత్రంతా మొరుగుతూనే ఉంటే? దొంగ లేడు, నిజమే. కుక్క మొరగడం మాత్రం అబద్ధం కాదు. ఇంట్లోవాళ్ళకు నిద్ర లేకపోవడమూ అబద్ధం కాదు. దీర్ఘకాలిక నొప్పి చాలామంది పిల్లలలో ఇలాంటిదే. మొదట ఏదో జ్వరమో, దెబ్బో, కడుపులో ఇన్‌ఫెక్షనో వస్తుంది. అది మానిపోతుంది. నరాలు, వెన్నుపాము, మెదడు మాత్రం నొప్పి కబురును పెద్దది చేసి మోస్తూనే ఉంటాయి. ఈ కబురు మెదడుకు చేరే దారిలో తలుపులు వంటివి ఉన్నాయని, భయము, ధ్యాస, మనసులోని స్థితి ఆ తలుపులను తెరవగలవు, మూయగలవు అని మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు 1965లోనే ప్రతిపాదించారు. వారు చెప్పిన వివరాలు కొన్ని తరువాత మారినా మూలసూత్రం నిలిచింది.

మూడు నెలలకు మించి ఉండే, లేక మళ్ళీ మళ్ళీ వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. తలనొప్పి, కడుపునొప్పి, నడుమునొప్పి, కీళ్ళు కండరాల నొప్పులు పిల్లలలో ఎక్కువ. 2024లో ప్రచురితమైన ఒక పెద్ద సమీక్ష ప్రకారం వివిధ దేశాలలోని పిల్లలలో 20.8 శాతం మందికి, అంటే సుమారు ఐదుగురిలో ఒకరికి, ఏదో ఒక దీర్ఘకాలిక నొప్పి ఉన్నది. వారందరూ మంచం పట్టరు. కొందరు మాత్రం బడి, ఆట, స్నేహితులు, నిద్ర అన్నీ పోగొట్టుకుంటారు. 2022 నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో దీర్ఘకాలిక నొప్పిని దానంతట అదే ఒక వ్యాధిగా గుర్తించారు. ఇక "రిపోర్టులో ఏమీ లేదు, కాబట్టి జబ్బు లేదు" అనే మాట వైద్యులు కూడా అనకూడదు.

నొప్పి చుట్టూ తిరిగే గానుగ

నొప్పి వచ్చింది, పిల్ల పడుకుంది. బడి పోయింది. పగలు పడుకున్నందున రాత్రి నిద్ర పట్టదు. నిద్ర లేనివారికి నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. కదలనందున కండరాలు బలహీనపడతాయి, కొంచెం నడిచినా నొప్పి. పాఠాలు వెనకబడతాయి, బడి అంటే భయం పుడుతుంది. సోమవారం ఉదయం బడి గుర్తుకు రాగానే కడుపులో మెలి. దీన్ని చూసి నాటకమంటారు. నాటకం కాదు. భయం నిజంగానే నొప్పిని పెంచుతుంది. గానుగెద్దు తిరిగినట్టు పిల్ల అక్కడక్కడే తిరుగుతుంది.

ఈ గానుగలో తల్లిదండ్రులు కూడా తెలియకుండానే ఒక కాడి మోస్తారు. ప్రేమతోనే. గంటకోసారి "ఇప్పుడెలా ఉంది తల్లీ?" అని అడుగుతారు. నొప్పి అన్న రోజున పని చెప్పరు, ఇష్టమైనది వండి పెడతారు, అమ్మ కూలికి కూడా వెళ్ళకుండా పక్కనే కూర్చుంటుంది. నొప్పి లేని రోజున ఎవరి పనిలో వారుంటారు. ఇలా చేసినవారిని మేము తప్పుపట్టడం లేదు. మామూలు జ్వరానికి ఇదే సరైన పద్ధతి. ఎనిమిది నెలల నొప్పికి మాత్రం ఇది ఎదురు తిరుగుతుంది.

చికిత్స అంటే ఏమిటి?

ఈ గానుగను ఆపడానికి మనోవైద్య నిపుణులు వాడే పద్ధతిని కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు. తెలుగులో ఆలోచన, ప్రవర్తన మార్చుకునే చికిత్స అనుకోవచ్చు. ఇందులో వింతేమీ లేదు. నొప్పి ఎలా పుడుతుందో పిల్లకు అర్థమయ్యేలా చెప్పడం. నిదానంగా ఊపిరి తీసి వదలడం, కండరాలను ఒక్కొక్కటిగా బిగించి సడలించడం నేర్పడం. "ఇది ఎప్పటికీ తగ్గదు, నా బతుకింతే" వంటి ఆలోచనలను పట్టుకుని, అది నిజమా అని తనను తానే అడగడం నేర్పడం. నిద్రకు, లేవడానికి ఒక వేళ. ఒక్కరోజే అన్నీ చేసి నాలుగు రోజులు పడిపోకుండా, రోజూ కొంచెం కొంచెం పని పెంచుకుంటూ పోవడం. బడికి మొదట రెండు గంటలు, తరువాత సగం రోజు, తరువాత పూర్తి రోజు. వీటితో పాటు తల్లిదండ్రులకు వేరుగా పాఠాలు ఉంటాయి.

ఇవన్నీ వారానికొకసారి చొప్పున రెండు నెలల పైన చెప్పవలసిన పాఠాలు. చెప్పేది ఎవరు? మన జిల్లాలలో పిల్లల నొప్పి గురించి శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులు చాలా అరుదు. ఉన్నా పట్నంలో ఉంటారు. బస్సు చార్జీ, ఒక రోజు కూలి, పిల్లకు మరొక రోజు బడి నష్టం. ఒకసారి వస్తారు, రెండోసారి రారు.

ఈ కష్టం మనకొక్కరికే లేదు. అమెరికాలో కూడా పిల్లల నొప్పి క్లినిక్కులు పెద్ద నగరాలలోనే ఉండటంతో దూరపు కుటుంబాలకు అందుబాటులో ఉండేవి కావు. అందుకే డాక్టర్ టోన్యా పలెర్మో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె బృందము ఆ పాఠాలను ఇంటర్నెట్‌లో పెట్టారు. దాని పేరు వెబ్‌మ్యాప్. పిల్లలకు ఎనిమిది పాఠాలు, తల్లిదండ్రులకు ఎనిమిది. పిల్ల ఒక దేశం నుండి మరొక దేశానికి ప్రయాణం చేస్తున్నట్టు పాఠాలు సాగుతాయి. ప్రతి మజిలీలో ఒక కొత్త సాధన. తరువాత దాన్ని ఫోనులో వాడే రూపంలోకి తెచ్చారు. కెనడాలో టొరంటో పిల్లల ఆసుపత్రివారు ఐకెన్‌కోప్ అనే పేరుతో ఇటువంటిదే తయారుచేశారు. అందులో సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లల కోసం వేరుగా ఒకటి ఉంది.

ఫలితాలు ఉన్నవి ఉన్నట్టు

ఫోను చికిత్స అనగానే కొందరు అద్భుతమంటారు, కొందరు మోసమంటారు. రెండూ తొందరపాటే. 2009లో 48 మంది పిల్లలతో వెబ్‌మ్యాప్‌ను మొదట పరీక్షించినప్పుడు నొప్పీ తగ్గింది, రోజువారీ పనులకు ఆటంకమూ తగ్గింది. 2016లో అమెరికా, కెనడాలలోని 273 మంది పిల్లలతో పెద్ద పరీక్ష ప్రచురితమైంది. ఒక గుంపుకు చికిత్స పాఠాలు, రెండో గుంపుకు నొప్పిని గురించిన సమాచారం మాత్రమే ఇచ్చారు. ఇక్కడ వారు ప్రధానంగా కొలిచినది నొప్పి తీవ్రతను కాదు. పిల్ల తన పనులు తాను చేసుకోగలుగుతోందా అన్నదాన్ని. ఆరు నెలల తరువాత చూస్తే చికిత్స పాఠాలు చదివిన గుంపులో ఆటంకం ఎక్కువగా తగ్గింది. నిద్ర మెరుగుపడింది. తల్లిదండ్రులలో అతిజాగ్రత్త తగ్గింది.

2020లో వచ్చిన మరొక పరీక్షలో ఎనిమిది క్లినిక్కులకు చెందిన 143 మంది పిల్లలకు ఫోను రూపాన్ని ఇచ్చి చూశారు. మొత్తం గుంపు సగటు తీసుకుంటే నొప్పిలో గాని, ఆటంకంలో గాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పాఠాలు ఎక్కువగా వాడిన పిల్లలు మాత్రం ఎక్కువగా బాగుపడ్డారు. అన్ని దేశాల పరీక్షలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2019లో 10 పరీక్షలను, 697 మంది పిల్లల వివరాలను కలిపి చూసి, దూరం నుండి ఇచ్చే ఇటువంటి చికిత్సకు ఆధారం ఇంకా బలహీనంగానే ఉన్నదని తేల్చింది. ఆ తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 డిసెంబరులో పిల్లల దీర్ఘకాలిక నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాలలో మానసిక చికిత్సలను సిఫారసు చేసింది. వాటిని ఎదురుగా కూర్చోబెట్టి గాని, దూరం నుండి గాని, రెండూ కలిపి గాని ఇవ్వవచ్చునన్నది.

ఈ ఫలితాలను మేము ఇలా చదువుతున్నాము. మందు పనిచేసేదే, కాని సీసాలో ఉంటే పనిచేయదు. యాప్ ఫోనులో ఉండటం వేరు, పిల్ల పాఠం చేయడం వేరు. మధ్యలో ఎవరో ఒకరు ఉండి "నిన్న చేశావా అమ్మా?" అని అడగాలి.

మా అభిప్రాయం

పక్షవాయువు గల మనుష్యుని నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డుగా ఉన్నందున ఇంటికప్పు విప్పి ప్రభువు ముందు దించిన సంగతి సండే స్కూలు పిల్లలందరికీ తెలుసు. ఆ రోజున మంచం, తాళ్ళు లేకుంటే పని జరిగేది కాదు. నలుగురు మనుషులు లేకుంటే మంచం తనంతట తాను కప్పు ఎక్కేదీ కాదు. ఫోను మంచం వంటిది. మోసేవారు కావాలి.

ఇతర దేశాల యాప్‌ను తెచ్చి మన పిల్ల చేతికిస్తే చాలదు. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఉదాహరణలు అక్కడివి. మన ఇళ్ళలో ఫోను చాలాసార్లు నాన్న జేబులోనో అన్నయ్య చేతిలోనో ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్నవారు సుమారు 54 శాతమే. పద్నాలుగేళ్ళ ఆడపిల్ల సంగతి వేరే చెప్పాలా? ఒకే గది ఇంట్లో టీవీ మోతలో కూర్చుని పిల్ల తన భయాలను ఎలా చెబుతుంది?

అందుచేత మా మనవి చిన్నది. యాప్ కోసం ఎదురుచూడవద్దు. ఈ పాఠాలను మన తెలుగులో, మన యాసలో, పది నిమిషాల చొప్పున మాటలుగా రికార్డు చేయవచ్చు. చదవడం రాని తల్లి కూడా వినగలదు. మామూలు ఫోనులో పంపవచ్చు. పిల్లకు వేరుగా, తల్లిదండ్రులకు వేరుగా ఉండాలి. ప్రతి ఆసుపత్రిలో ఒక సిస్టర్‌కు ఈ పనిలో శిక్షణ ఇచ్చి, వారానికి ఒకసారి నిర్ణయించిన వేళకు ఆ పిల్లకు ఫోను చేయించాలి. పదిహేను నిమిషాలు చాలు. ఆ మాటలు రహస్యంగా ఉంచాలి. ఒక్క సిస్టర్ వారానికి ఒక పూట కేటాయిస్తే పది కుటుంబాలకైనా తోడు ఉండవచ్చు. మనకు స్కానింగ్ మిషను కొనడానికి చందాలు అడిగే అలవాటుంది. ఈ పనికి కావలసినది మిషను కాదు, ఆ సిస్టర్‌కు ఆ పూట ఖాళీ ఇవ్వడం. అది ఇవ్వడానికే మనం వెనకాడుతున్నాము.

దీనికి రెండు అభ్యంతరాలు విన్నాము. మొదటిది మా తోటి డాక్టర్లదే. "పిల్లలు ఫోనుకు అతుక్కుపోయి పాడవుతుంటే మీరే ఫోను ఇమ్మంటారా?" న్యాయమైన ప్రశ్నే. మేము చెప్పే పాఠం రోజుకు పది నిమిషాలు. అది ముగిశాక ఫోను పక్కన పెట్టి లేచి నడవమని చెబుతుంది. రాత్రి పడకలోకి ఫోను తీసుకెళ్ళవద్దని ఆ పాఠంలోనే ఉంటుంది.

రెండోది సంఘంలో వినబడేది. "మనసుకు చికిత్స అంటే నొప్పి నిజం కాదన్నట్టే కదా? లేకపోతే విశ్వాసం లేదన్నట్టు కదా?" రెండూ కావు. మనసు, నరాలు, శరీరం ఒక్క దేవుడు చేసినవే, ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవే. ఇక విశ్వాసమంటారా? అపొస్తలుడైన పౌలు తన ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. అందుకని ఆయన ప్రయాణాలు మానలేదు, ఉత్తరాలు రాయడం మానలేదు. ఆయన విశ్వాసాన్ని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడతారా? మరి పద్నాలుగేళ్ళ పిల్లను ఎందుకు అంటాము? బాధలో ఉన్నవానికి నేరం అంటగట్టిన యోబు స్నేహితుల పని మనం చేయకూడదు. పాస్టరుగార్లకు మా ప్రత్యేక విన్నపం ఇదే. ఆ పిల్ల కోసం ప్రార్థించండి. ప్రార్థన అయ్యాక ఆదివారం పాటల గుంపులో ఆమెకు ఒక స్థానం ఇవ్వండి. కూర్చుని పాడినా సరే.

తల్లిదండ్రులు ఈ రోజే మొదలుపెట్టగలిగినవి

1. ముందు నమ్మండి. "నీకు నొప్పి ఉందని నాకు తెలుసు" అని ఒక్కసారి గట్టిగా చెప్పండి. అది చెప్పిన తరువాతే మిగతావి.

2. గంటకోసారి నొప్పి గురించి అడగకండి. "ఈ రోజు ఏం చేశావు? ఎవరితో మాట్లాడావు?" అని అడగండి.

3. నొప్పి ఉన్న రోజున కూడా ఒక చిన్న పని ఉండాలి. మొక్కలకు నీళ్ళు పోయడమో, తమ్ముడికి ఎక్కాలు చెప్పడమో. బాగున్న రోజున రెట్టింపు చేయనివ్వకండి.

4. రోజూ ఒకే వేళకు పడుకోవడం, ఒకే వేళకు లేవడం. పగటి నిద్ర వద్దు.

5. ఉదయం, సాయంత్రం ఐదేసి నిమిషాలు నిదానంగా ఊపిరి తీసి వదిలే సాధన పిల్లతో కలిసి మీరూ చేయండి.

6. బడికి వెళ్ళి హెడ్‌మాస్టరుగారితో మాట్లాడండి. సగం రోజు హాజరుకు, మధ్యలో పది నిమిషాల విశ్రాంతికి అనుమతి అడగండి. డాక్టరు ఉత్తరం కావాలంటే మేము ఇస్తాము.

7. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్ళలు కొని నెలల తరబడి వేయకండి. కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. తలనొప్పికి రోజూ బిళ్ళ వేసుకుంటే ఆ బిళ్ళ వలననే తలనొప్పి రావచ్చు.

వెంటనే ఆసుపత్రికి రావలసినవి

పైన చెప్పినదంతా డాక్టరు ఒకసారి పూర్తిగా పరీక్షించిన తరువాతి మాట. జ్వరం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేసే కొత్త నొప్పి, కీలు వాచి వేడిగా ఉండడం, కాళ్ళలో బలం తగ్గడం, మలమూత్రాలపై పట్టు తప్పడం, వాంతిలో గాని విరేచనంలో గాని రక్తం, తెల్లవారుజామున వాంతులతో తలనొప్పి, ఇవి ఉంటే ఫోను పాఠాలు కావు, డాక్టరు కావాలి.

ఏజెన్సీ ప్రాంతాల నుండి వచ్చే కుటుంబాలకు మరొక మాట. పిల్లలకు మాటిమాటికీ ఎముకల నొప్పులు, రక్తహీనత, కళ్ళు పచ్చబడడం ఉంటే సికిల్ సెల్ పరీక్ష చేయించండి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాలలో ఈ పరీక్షలు చేస్తున్నారు. ఈ జబ్బున్న పిల్లలకు హైడ్రాక్సీయూరియా వంటి మందులు డాక్టరు చెప్పినట్టు వాడాలి. జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు. ఊపిరి సాధనలు, నిద్ర అలవాట్లు మందులకు తోడుగా ఉండాలి గాని బదులుగా కాదు.

నొప్పితో విసిగి "చచ్చిపోతే బాగుండును" అని పిల్ల అంటే ఊరికే అన్న మాటగా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. వెంటనే మా దగ్గరకు గాని, దగ్గరలోని ఆసుపత్రికి గాని తీసుకురండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

చివరిగా

మొదట చెప్పిన ఆ అమ్మాయి రెండోసారి వచ్చినప్పుడు మా సిస్టర్ ఒకరు ఆమెను పక్కకు తీసుకెళ్ళి అరగంట కూర్చున్నారు. తరువాత ప్రతి శనివారం సాయంత్రం ఆరు గంటలకు ఫోను చేశారు. మొదటి మూడు వారాలు ఫోను తల్లే తీసింది. నాలుగో వారం పిల్ల తీసింది. ఊపిరి సాధన ఎలా చేయాలో సిస్టర్ తన గొంతుతోనే రికార్డు చేసి పంపారు. తల్లితో వేరుగా మాట్లాడారు. గంటకోసారి అడగకుండా ఉండడం ఆ తల్లికి అన్నిటికంటే కష్టమైందట.

మేము చేసింది అంతే. అది పెద్ద యాప్ ఏమీ కాదు. ఇప్పుడు ఆ అమ్మాయి వారంలో నాలుగు రోజులు బడికి వెళుతోంది. నొప్పి పూర్తిగా పోలేదు. పరీక్షల ముందు మళ్ళీ ఎక్కువైంది. కిందటిసారి వచ్చినప్పుడు మేము అలవాటు కొద్దీ "నొప్పి ఎలా ఉందమ్మా?" అని అడిగాము. "ఉందండి" అన్నది. ఒక్క క్షణం ఆగి, "కాని లెక్కల పరీక్ష రాశాను సిస్టర్" అని మా సిస్టర్ వైపు తిరిగి చెప్పింది.

ఒక్క పిల్ల కథతో ఏ చికిత్సా రుజువు కాదని మాకు తెలుసు. ఐనా వారానికి ఒక ఫోను, కొన్ని నిమిషాల రికార్డింగు, నమ్మే మనిషి ఒకరు, ఇవి మన స్తోమతకు మించినవి కావు. ఆసుపత్రి కమిటీలోని పెద్దలు ఈ విషయం ఆలోచించాలని కోరుతున్నాము. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో, మీ సంఘంలోనో నెలల తరబడి నొప్పితో ఇంట్లోనే ఉండిపోయిన పిల్ల ఉంటే మా ఓ.పి.కి తీసుకురండి. ఆ కవరులోని రిపోర్టులు తప్పక చూస్తాము. ఈసారి పిల్ల మాట ముందు వింటాము.

దేవుడు మన పిల్లలను దీవించును గాక.